వానలో 34 కిలోమీటర్లు: రానక్ మూర్ మీద మా నడక

గ్లాస్గో శివార్లలోని మల్‌గై నుంచి ఉత్తరాన ఫోర్ట్ విలియం దాకా 154 కిలోమీటర్ల కాలిబాట ఉంది. వెస్ట్ హైలాండ్ వే అంటారు. 1980లో తెరిచారు. స్కాట్లాండ్‌లో అధికారికంగా ఏర్పాటైన మొదటి దూరపు కాలిబాట ఇదే. మామూలుగా వారం రోజులు పెట్టుకుని నడుస్తారు. మే నెలాఖరులో నేనూ, గ్లాస్గోలో చదువుకుంటున్న మా బావమరిదీ ఆ దారి పట్టాం. మొదటి రోజులు హాయిగా గడిచిపోయాయి, వాటి జోలికి పోను. బ్రిడ్జ్ ఆఫ్ ఆర్కీ నుంచి కిన్‌లాక్‌లీవెన్ దాకా, రానక్ మూర్ అనే బురదమైదానం మీదుగా నడిచిన రోజు సంగతి మాత్రం వివరంగా రాయాలి. ఆ రోజు వాన మమ్మల్ని దాదాపు చివరిదాకా వదల్లేదు. అంత వానలో రోజంతా నడవడం ఎలా కుదురుతుందో, అసలు ప్రమాదం ఎక్కడుందో వెళ్లేవాళ్లకి ముందే తెలిస్తే మంచిది.

ఆ రెండు ఊళ్ల మధ్య సుమారు 34 కిలోమీటర్లు. చాలామంది మధ్యలో కింగ్స్‌హౌస్ దగ్గర రాత్రికి ఆగి రెండు రోజుల్లో వెళ్తారు. కింగ్స్‌హౌస్ ఊరు కాదు, ఆ మైదానం అంచున ఉన్న పాత సత్రం. సీజన్లో చాలా ముందుగానే నిండిపోతుంది. మాకు గది దొరకలేదు. టెంట్ మోసుకెళ్లే ఉద్దేశం లేదు. కాబట్టి ఒకే రోజులో వెళ్లాలి.

ముందు రోజు రాత్రి కూర్చుని టైం లెక్క వేసుకున్నాం. కొండ నడకకి ఇక్కడ అందరూ వాడే లెక్క ఒకటుంది. నేస్మిత్ అనే స్కాటిష్ పర్వతారోహకుడు 1892లో చెప్పాడు. గంటకి 5 కిలోమీటర్లు చొప్పున వేసుకుని, పైకి ఎక్కే ప్రతి 300 మీటర్లకీ ఇంకో అరగంట కలుపుకోవాలి. ఆ ప్రకారం మాకు ఎనిమిది గంటల పైచిలుకు తేలింది. అయితే అది మంచి వాతావరణంలో, ఎక్కడా ఆగకుండా నడిచేవాళ్ల లెక్క. తిండికీ, ఎదురుగాలికీ, జారే రాళ్లకీ కలిపి మరో రెండు గంటలు వేసుకున్నాం. మే నెలాఖరులో అక్కడ రాత్రి తొమ్మిదిన్నర దాటితే గానీ పొద్దుగూకదు. చీకటి పడుతుందన్న టెన్షన్ లేదు.

తర్వాత వాతావరణం చూశాం. ఫోన్‌లో మామూలుగా కనిపించే సూచన కొండలకి పనికిరాదు, అది కింద ఊళ్లో సంగతి చెప్తుంది. బ్రిటన్‌లో కొండల కోసమే వేరే సూచనలు ఇస్తారు. గాలి నడిచేవాళ్లని ఎంత ఇబ్బంది పెడుతుంది, మేఘం ఎంత ఎత్తు దాకా దిగుతుంది, 900 మీటర్ల దగ్గర చలి ఎంత ఉంటుంది, ఇలా విడివిడిగా ఉంటాయి. మర్నాటికి పడమటి గాలి, పొద్దున్నుంచి వాన, మేఘం బాగా కిందికి అని ఉంది. పిడుగుల మాట లేదు. మనిషిని తూలించేంత గాలి అనీ లేదు. అలా ఉండి ఉంటే రైలెక్కి ఆ రోజు నడక మానుకునేవాళ్లం. ఉత్త వానకి మానుకోవాలంటే పశ్చిమ హైలాండ్స్‌లో నడవడమే కుదరదు. అక్కడ ఏడాదికి 3000 మిల్లీమీటర్లు దాటి వాన పడే చోట్లున్నాయి.

నాకు అర్థమైనంతలో ఇలాంటి చోట తడవకుండా ఉండాలని చూడడం దండగ. తడుస్తాం. ఎంత మంచి రెయిన్ జాకెట్ అయినా గంటల తరబడి వాన కొడితే పైగుడ్డ నీళ్లు పీల్చేసుకుంటుంది. అప్పుడు లోపలి చెమట ఆవిరై బయటికి పోయే దారి మూసుకుపోతుంది. జాకెట్ ఎక్కడా కారకపోయినా ఒళ్లు తడిసిపోతుంది. తడవడం వేరు, చల్లబడిపోవడం వేరు. తడిసినా ఒంట్లో వేడి నిలబడితే రోజంతా నడవచ్చు. తడితో పాటు గాలి తగులుతూ, కాళ్లు ఆగిపోతే, ఎనిమిది డిగ్రీల్లో కూడా మనిషి ప్రమాదంలో పడతాడు. దానికి మంచు కురవాల్సిన పనిలేదు. మా సామాన్లూ, నడకా, విరామాలూ అన్నీ ఈ ఒక్క విషయం చుట్టూనే ఏర్పాటు చేసుకున్నాం.

ఒంటికి ఆనుకుని సన్నటి ఉన్ని బనీను, దాని మీద పల్చటి ఫ్లీస్ (మెత్తటి సింథటిక్ స్వెట్టర్), పైన జాకెట్, కాళ్లకి వాటర్‌ప్రూఫ్ ప్యాంటు. నూలు బట్ట ఒక్కటి కూడా లేదు. జీన్స్ అసలే వద్దు. నూలు తడిస్తే నీళ్లు పట్టుకుని కూర్చుంటుంది, ఒంటి వేడి లాగేస్తుంది. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం మిగులుస్తుంది. పెద్ద బ్యాగుల్ని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వ్యాన్లో చేర్చే సర్వీసులు ఈ దారి పొడవునా ఉన్నాయి, మావి అలాగే పంపించాం. వీపు మీది చిన్న బ్యాగులో మాత్రం ఒక జత పొడి బట్టలు, దళసరి జాకెట్, రెండు జతల గ్లోవ్స్, ఉన్ని టోపీ తప్పకుండా పెట్టుకున్నాం. వాటిని నీళ్లు దూరని సంచుల్లో చుట్టి, ఆ సంచుల్ని బ్యాగు లోపల మళ్లీ దళసరి ప్లాస్టిక్ కవరులో పెట్టాం. బ్యాగు మీద తొడిగే రెయిన్ కవర్‌ని నమ్ముకోలేదు. గాలికి అది తెరచాపలా లేస్తుంది, ఊడి పోతుంది కూడా.

ఇంకో వస్తువు ఉంది. బోథీ బ్యాగ్ అంటారు. కర్రలూ తాళ్లూ లేని పల్చటి నైలాన్ గుడారం అది. ఇద్దరు ముగ్గురు తల మీదుగా కప్పుకుని, దాని అంచు మీద కూర్చుంటే మూసుకుపోతుంది. మడిస్తే గుప్పెట్లో పట్టేంత అవుతుంది. బావమరిది దాన్ని చూసి, "బావా, ఇది కూడా మొయ్యాలా?" అన్నాడు. నా బ్యాగులో పెట్టుకున్నాను.

పొద్దున ఏడున్నరకి బయల్దేరాం. అప్పటికే చినుకులు. ఆర్కీ నది మీది రాతి వంతెన దాటితే బాట నేరుగా కొండెక్కుతుంది. ఆ వంతెన సుమారు 1750 నాటిది. స్టూవర్ట్ రాజవంశాన్ని మళ్లీ గద్దెనెక్కించాలని జాకోబైట్లు చేసే తిరుగుబాట్లని అణచడానికి, సైన్యాలు తొందరగా చేరేలా ప్రభుత్వం హైలాండ్స్ అంతటా రోడ్లు వేయించింది. జనరల్ వేడ్ మొదలుపెట్టిన ఆ పనిని అప్పటికి మేజర్ కాల్‌ఫీల్డ్ నడిపిస్తున్నాడు. మనం నడిచే బాటలో చాలా భాగం సైనికులు పారలూ పలుగులూ పట్టి వేసినదే.

ఎక్కేటప్పుడు ఇద్దరం ఫ్లీస్ తీసేశాం. వానలో బట్టలు తీయడం వింతగా అనిపిస్తుంది గానీ ఎక్కుడులో చెమట పట్టనివ్వకూడదు. లోపలి తడి బయటి తడి కంటే మొండిది, అంత తొందరగా ఆరదు. మాట్లాడుతూ ఎక్కగలిగినంత మెల్లగా ఎక్కాం. పైకి చేరాక కింద లాక్ టుల్లా సరస్సు కనిపించాలి. ఒక అంచు మాత్రం కనిపించి మళ్లీ మేఘంలో కలిసిపోయింది. అవతలికి దిగి ఇన్‌వెరోరాన్ దాటి విక్టోరియా బ్రిడ్జ్ చేరేసరికి చినుకులు వానయ్యాయి. ఫారెస్ట్ లాడ్జ్ దగ్గర చెట్ల కింద ఆగి మళ్లీ ఫ్లీస్ వేసుకున్నాం, కడుపు నిండా తిన్నాం. అక్కడి నుంచి 14 కిలోమీటర్ల దాకా కప్పు ఉన్న చోటు దొరకదు.

అక్కడ మొదలవుతుంది రానక్ మూర్. దాదాపు 130 చదరపు కిలోమీటర్ల బురదమైదానం. చెరువులు, గుంటలు, బండరాళ్లు, గడ్డి. మంచుయుగంలో ఈ ప్రాంతమంతా పెద్ద హిమఫలకం కింద ఉండేది. మంచు కరిగి పోయాక గ్రానైట్ పళ్లెంలాంటి ఈ నేల మీద నీళ్లు నిలిచిపోయాయి. నీళ్లలో పెరిగిన నాచు చచ్చినా కుళ్లదు. గాలి అందని పుల్లటి నీళ్లలో అలాగే ఒక పొర మీద ఇంకో పొరగా పేరుకుంటుంది. దాన్నే పీట్ అంటారు. ఏడాదికి ఒక మిల్లీమీటరు పేరుకుంటే గొప్ప. కొన్నిచోట్ల ఒడ్డు తెగిన దగ్గర నల్లటి పీట్ లోంచి వేల ఏళ్ల నాటి పైన్ చెట్ల మొద్దులు వేళ్లతో సహా పొడుచుకొచ్చి ఉంటాయి.

బాట పక్కన ఒకచోట వంగి ఆ నాచు గుప్పెడు తీసి పిండాను. స్ఫాగ్నమ్ అంటారు. పైకి లేతాకుపచ్చ, మధ్యలో ఎరుపు, చిన్న చిన్న నక్షత్రాల్లా తలలు. పిండిన కొద్దీ మణికట్టు మీదుగా నీళ్లు కారుతూనే ఉన్నాయి. చేతిలో ఉన్నదానికి అన్ని నీళ్లు ఎక్కడివా అనిపించింది. తన బరువుకి పదిహేను, ఇరవై రెట్లు నీళ్లు పట్టుకుంటుందంటారు. మొదటి ప్రపంచ యుద్ధంలో పత్తి చాలనప్పుడు గాయాలకి కట్టు కట్టడానికి దీన్నే వాడారు. పిండి వదిలేస్తే మళ్లీ మెల్లగా ఉబ్బింది. దాన్ని తీసిన చోటే నొక్కి పెట్టేశాను.

ఈ మైదానాన్ని ఎండలో చూసినవాళ్లు అందంగా ఉందంటారు, నిజమే. కానీ ఈ నేల వానతో తయారైంది. వాన పడుతున్నప్పుడు అది పని చేస్తూ కనిపిస్తుంది. ప్రతి కుదురులోంచీ సన్నటి ధార, ప్రతి పల్లంలో చిన్న కాలువ, అన్నీ డికాక్షన్ రంగులో. ఎక్కడో కోకిల జాతి పక్షి కుక్కూ మంటూ వానలోనే కూస్తోంది. ఫొటోలకి దొరకని అందం అది. వాన వచ్చింది కాబట్టి రోజు పాడైందని నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు.

ఇంత బురదలో బాట మాత్రం గట్టిగా ఉంటుంది. 19వ శతాబ్దం మొదట్లో థామస్ టెల్‌ఫర్డ్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో పార్లమెంటు డబ్బుతో వేసిన రోడ్డు ఇది. పశువుల మందల్ని దక్షిణాన సంతలకి తోలుకుపోవడానికి కూడా ఇదే దారి. 1930ల్లో కొత్త రోడ్డు తూర్పుగా పడేదాకా గ్లెన్‌కో వైపు వెళ్లే బండ్లన్నీ దీని మీదుగానే వెళ్లేవి. ఇంకా తూర్పున 1894లో రైలు దారి వేశారు. నేల ఎంత మట్టి పోసినా మింగేస్తుంటే, కొమ్మలూ వేళ్లూ చెట్లూ పరిచి వాటి మీద పట్టాలు తేల్చినట్టు వేశారు. మేం నడిచే పాత రోడ్డు మీది గుండ్రాళ్లు కాలక్రమంలో పైకి తేలిపోయాయి. తడి రాయి మీద అడుగు అడ్డంగా పడితే చీలమండ మెలిక పడుతుంది. అడుగు పొడవు తగ్గించి, పాదమంతా ఆనించి నడిచాం. చేతి కర్రలు అక్కడ బాగా ఆసరా ఇచ్చాయి.

గాలి ఎడమ పక్క నుంచి. ఎడమ చెంప మొద్దుబారిపోయింది, కుడి చెంపకి ఏమీ లేదు. బా బ్రిడ్జ్ కి ఇంకో కిలోమీటరు ఉందనగా ఒక విషయం గమనించాను. పొద్దున్నుంచి క్రికెట్ గురించి ఆపకుండా మాట్లాడుతున్న బావమరిది చప్పుడు చేయడం లేదు. ఏదైనా అడిగితే "ఊఁ" అంటున్నాడు. నాకంటే రెండడుగులు ముందు నడిచేవాడు ఇప్పుడు వెనకబడ్డాడు. వంతెన దగ్గరికి రాగానే, "పల్లీ చిక్కీ తీసి తినరా" అన్నాను.

జేబులోంచి తీశాడు. రేపర్ అంచు పట్టుకోవడానికి బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి తెస్తున్నాడు, అవి కలవడం లేదు. కలిసినా అంచు జారిపోతోంది. రెండుసార్లు ప్రయత్నించి పళ్లతో చింపబోయాడు. ఆ తర్వాత ఎందుకులే అన్నట్టు తిరిగి జేబులో పెట్టుకోబోయాడు. జేబు జిప్పు కూడా దొరకలేదు.

"బొటనవేలు చిటికెనవేలికి ఆనించు" అన్నాను.

కుడిచేత్తో ఆనించలేకపోయాడు. "చలిగా లేదు బావా, కొంచెం అలిసిపోయానంతే" అన్నాడు. మాట కొంచెం ముద్దగా వచ్చింది.

ఇంక ఆలోచించడానికి లేదు. మాట తగ్గడం, కాలు తడబడటం, వేళ్లు పట్టు తప్పడం, బాగానే ఉన్నానని చెప్పడం, ఇవన్నీ ఒంటి వేడి పడిపోతోందని చెప్పే గుర్తులు. వాడికి వణుకు ఇంకా ఉంది. వణుకు ఉందంటే శరీరం పోరాడుతోందన్నమాట. వేడి ఎక్కకుండానే వణుకు ఆగిపోతే అది చాలా చెడ్డ సూచన. అక్కడ వంతెన కింద నది పొంగి రాళ్ల మధ్య దుముకుతోంది, చప్పుడుకి ఒకరి మాట ఒకరికి వినపడటం లేదు. గాలి మరుగు లేదు. బోథీ బ్యాగ్ తీసి ఇద్దరి తల మీదుగా కప్పాను. బ్యాగులు కింద వేసుకుని వాటి మీద కూర్చున్నాం, తడి నేల ఒంటికి తగలకుండా.

లోపల ఎర్రటి వెలుతురు. గాలి చప్పుడు బయట ఉండిపోయింది. నిమిషాల్లో తేడా తెలిసింది, ఇద్దరి ఊపిరి వేడికే లోపల వెచ్చబడింది. వాడి తడి ఫ్లీస్ తీయించి పొడి ఫ్లీస్ వేయించాను. దాని మీద దళసరి జాకెట్, తలకి ఉన్ని టోపీ, చేతులకి పొడి గ్లోవ్స్. జిప్పులు నేనే పెట్టాను. చేతులు రుద్దలేదు. రుద్దితే మంచిదనుకుంటాం గానీ చల్లబడిన కాళ్లూ చేతులూ రుద్దకూడదు. ఫ్లాస్కులో పంచదార ఎక్కువ వేసి తెచ్చిన టీ మూతలో పోసి రెండు చేతులా పట్టించాను. చిక్కీ ముక్కలు చేసి ఇచ్చాను. వణుకుతున్నవాడికి ముందు కావాల్సింది కాల్చుకోవడానికి చక్కెర.

ఇరవై నిమిషాలు అలా కూర్చున్నాం. వణుకు మొదట ఎక్కువైంది, తర్వాత తగ్గింది. బొటనవేలు చిటికెనవేలికి ఆనించి తనే చూపించాడు. "బావా, ఈ సంచీ లేకపోతే ఏమయ్యేది?" అని అడిగాడు. "లేచి పద, నడిస్తేనే మిగతా వేడి ఎక్కుతుంది" అన్నాను. కానీ ఆ ప్రశ్నకి జవాబు తెలుసు. తేలిగ్గా కోలుకోవడం కుదరకపోతే 999కి ఫోన్ చేసి పోలీసుల్ని అడగాలి, వాళ్లు మౌంటెన్ రెస్క్యూ వాళ్లకి చెప్తారు. సిగ్నల్ సరిగ్గా లేక ఫోన్ కలవని చోట కూడా మెసేజ్ ఒక్కోసారి వెళ్తుంది. దానికి ముందుగానే 'రిజిస్టర్' అనే మాట ఇంగ్లిషులో 999కి పంపి నమోదు చేసుకోవాలి. మా ఇద్దరి ఫోన్లలోనూ అది బయల్దేరేముందే చేశాం. ఈల కూడా ఉంది. నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఆరుసార్లు ఊదడం ఆపదలో ఉన్నామన్న సంకేతం. ఆ వానలో వినేవాళ్లు దగ్గర్లో ఉండాలి, అంతే.

బా బ్రిడ్జ్ తర్వాత బాట 450 మీటర్ల దాకా ఎక్కుతుంది. ఎక్కుడు వాడికి మేలు చేసింది. పైకి చేరేసరికి ముఖంలోకి రంగు వచ్చింది. కాసేపటికి వాడే, "బావా, ఇందాక నేనేమన్నా పిచ్చి మాటలు మాట్లాడానా?" అని అడిగాడు. ఇద్దరి కంటే ఒంటరిగా నడిచేవాళ్లకి ఇక్కడే ప్రమాదం. చల్లబడుతున్న మనిషికి తను చల్లబడుతున్నట్టు తెలియదు. ఎవరో ఒకరు చూసి చెప్పాలి. అందుకే ఆ తర్వాత ఒకరి వేళ్లు ఒకరం చూసుకుంటూ వెళ్లాం. నాతో కూడా ఆ పరీక్ష చేయించాడు.

దిగువకి వస్తే బ్లాక్‌రాక్ కాటేజ్ అనే తెల్లటి చిన్న ఇల్లు. దాని వెనక 1021 మీటర్ల బూకల్ ఎటివ్ మోర్ కొండ కోసుగా నిలబడి ఉంటుంది. స్కాట్లాండ్ క్యాలెండర్లలో తరచూ కనిపించే దృశ్యం. మాకు ఇల్లు కనిపించింది. కొండ ఉండాల్సిన చోట బూడిదరంగు తెర. రోడ్డు దాటి కింగ్స్‌హౌస్ చేరేసరికి మధ్యాహ్నం రెండున్నర.

నిర్ణయం అక్కడే తీసుకోవాలి. బయట ఇంకా 14, 15 కిలోమీటర్లు, లోపల వేడి సూప్. రోడ్డు పక్కనే ఉంది, ఫోర్ట్ విలియం వైపు బస్సులు వెళ్తాయి. తడి జాకెట్లు తగిలించి, సూప్, బంగాళాదుంప వేపుడు తిని, మళ్లీ టీ నింపించుకున్నాం. నా పొడి బట్టల జత కూడా వాడికే ఇచ్చాను, బ్యాగులో ఉంచుకోమని. కడుపు నిండాక, ఒళ్లు వెచ్చబడ్డాక అడిగాను.

"నిజం చెప్పు, వెళ్దామా, బస్సెక్కుదామా? ఎక్కితే తప్పేం లేదు."

"వెళ్దాం బావా. కానీ డెవిల్స్ స్టెయిర్‌కేస్ కొండెక్కేముందు, కింద రోడ్డు దగ్గర మళ్లీ ఒకసారి చూసుకుందాం."

వాడి మాట సరైనదే. కింగ్స్‌హౌస్ నుంచి, ఆ ఎక్కుడు మొదలయ్యే ఆల్ట్‌నాఫే దాకా 5 కిలోమీటర్లు బాట రోడ్డుకి దగ్గరగానే పోతుంది. ఏదైనా తేడా వస్తే అక్కడ బయటపడొచ్చు. ఆల్ట్‌నాఫే దాటాక కిన్‌లాక్‌లీవెన్ దాకా మరో దారి లేదు. వెచ్చటి చోట కూర్చుని తీసుకునే నిర్ణయం ధైర్యంగా ఉంటుంది. అందుకే దాన్ని చలిలో ఒకసారి సరిచూసుకోవాలి.

ఆ 5 కిలోమీటర్లే రోజంతటిలో కష్టమైన భాగం. అప్పటిదాకా పక్క నుంచి కొట్టిన గాలి, బాట పడమటికి తిరగడంతో నేరుగా ముఖం మీదికి వచ్చింది. తల వంచుకుని నడవడమే. సత్రం దగ్గర గడ్డిలో ఎర్రజింకలు గాలికి వీపు పెట్టి కదలకుండా నిలబడి ఉన్నాయి. ఆల్ట్‌నాఫే దగ్గర ఇద్దరం వేళ్లు ఆనించి చూసుకున్నాం, కాసేపు మాట్లాడుకున్నాం. ఇద్దరికీ ఒళ్లు వెచ్చగానే ఉంది. ఎక్కడం మొదలుపెట్టాం.

ఆ ఎక్కుడునే డెవిల్స్ స్టెయిర్‌కేస్, అంటే దెయ్యం మెట్లు, అంటారు. పేరు విని భయపడతారు గానీ పద్ధతిగా మెలికలు తిరుగుతూ పోయే బాట. రోడ్డు నుంచి 250 మీటర్ల పైచిలుకు ఎక్కాలి. శిఖరం 548 మీటర్లు, మొత్తం వెస్ట్ హైలాండ్ వేలో అన్నిటికంటే ఎత్తైన చోటు. 1750ల్లో రాళ్లు మోసిన సైనికులే ఆ పేరు పెట్టారంటారు. తర్వాత 1905 నుంచి 1909 దాకా బ్లాక్‌వాటర్ డ్యామ్ కట్టిన కూలీలు జీతం రాగానే తాగడానికి ఈ కొండ దాటి కింగ్స్‌హౌస్ వచ్చేవారట. తిరిగి వెళ్తూ చలికాలం రాత్రుళ్లలో కొందరు దారిలోనే పోయారు. మందు తాగితే వెచ్చగా ఉన్నట్టుంటుంది గానీ అది రక్తాన్ని చర్మం పైకి తెచ్చి ఒంట్లో వేడి బయటికి పంపేస్తుంది. బా బ్రిడ్జ్ దగ్గర వాడి వేళ్లు చూసి వచ్చాక ఆ కూలీల సంగతి నాకు కథలా అనిపించలేదు.

పైన రాళ్లగుట్ట దగ్గర ఒక్క నిమిషం కూడా ఆగలేదు. ఫొటో తీయలేదు. గాలి మరుగులోకి వంద అడుగులు దిగాక టీ తాగాం. దిగుడు పొడవైనది. 548 మీటర్ల నుంచి దాదాపు సముద్రమట్టం దాకా దిగాలి. బాటే కాలువైపోయింది. నీటి అడుగున ఏ రాయి కదులుతుందో కనపడదు, కర్రతో తట్టి చూసి అడుగు వేయాలి. కాళ్ల వేళ్లు బూట్ల ముందుకి గుద్దుకోకుండా దిగేముందే లేసులు బిగించి కట్టుకున్నాం. అయినా మోకాళ్లు నొప్పెట్టాయి. మేం మేఘాన్ని దాటి కిందికి దిగాక, సాయంత్రం ఆరు దాటాక, వాన సన్నగిల్లింది. కొండవాలు మీదుగా డ్యామ్ నుంచి దిగే లావుపాటి గొట్టాలు కనిపించాయి. వాటి నీళ్లతో కరెంటు పుట్టించి 1909 నుంచి 2000 దాకా కిన్‌లాక్‌లీవెన్‌లో అల్యూమినియం తయారుచేశారు. ఫ్యాక్టరీ పోయింది, కరెంటు ఇంకా పుడుతోంది. గాలి ఆగగానే చెట్ల కింద మిడ్జ్ అనే చిన్న పురుగులు ముసురుకున్నాయి. గాలి ఉన్నంతసేపూ అవి లేవవు. మిగిలిన దూరం గబగబా నడిచాం.

బసకి చేరేసరికి ఏడున్నర. ఈ దారిలో చాలా బసల్లో బట్టలారబెట్టే వేడి గది ఉంటుంది. గది బుక్ చేసేటప్పుడు ముందు దాని గురించి అడగండి, టీవీ గురించి తర్వాత. తడి సాక్సు విప్పితే పాదాలు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. అలా నానిన చర్మం చాలా తేలిగ్గా చిరుగుతుంది. రుద్దకుండా అద్ది ఆరబెట్టి, గంటసేపు గాలికి వదిలేసి, మడమ మీద ఎర్రబడిన చోట టేపు వేశాం. బూట్ల అట్టలు బయటికి తీసి, లోపల న్యూస్‌పేపర్ కుక్కాం. అది తడిసినప్పుడల్లా మార్చాలి. పడుకునేలోపు రెండుసార్లు మార్చాం. బూట్లని హీటరుకి ఆనించి పెట్టకూడదు, తోలు పగులుతుంది, జిగురు ఊడుతుంది.

అన్నం వండుకుని తిన్నాక బావమరిది మర్నాటి వాతావరణం చూశాడు. ఫోర్ట్ విలియం దాకా ఇంకా 24 కిలోమీటర్లు, మధ్యాహ్నం దాకా వాన. తడిసిన ఫ్లీసులు ఆరాయో లేదో చూసొచ్చి, వాటిని మడిచి నీళ్లు దూరని సంచుల్లో పెట్టాడు. ఈసారి బోథీ బ్యాగ్ తన బ్యాగులో, పై అరలో సర్దుకున్నాడు.